పోరుమామిళ్ళ తటాకశాసనము: దానమును బాలనమును

ఆంధ్రదేశమున దొరకిన శాసనములలోఁ బోరుమామిళ్ళ చెఱువు శాసనమువంటివి మిక్కిలి యరుదు. కడప మండలమునందలి యీ గ్రామమున శా. శ. 1291, అనఁగాఁ గ్రీ. శ. 1369 సంవత్సరమున, విజయనగరప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, భవదూరుఁ డను నామాంతరము గలవాఁడు, చెఱువు గట్టించి యీ సంస్కృతశాసనమును వేయించెను. వి. యస్. సుఖ్తంకరు పండితుఁడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమునఁ బరిష్కరించి ప్రకటించెను. నాఁటినుండియు దీని నుదాహరించినవారు ప్రాయికముగా రెండు తెగలవారు. చరిత్రకారులు బుక్కరాయల సంతతిని నిర్ణయించుటకు దీనిని జూచిరి. జలనిర్మాణవేత్తలు ఇందలి తటాకలక్షణమును జూచి, పూర్వు లింత యెఱిఁగియుండిరా యని యాశ్చర్యపడిరి. శాసనమును ఆదినుండి యంతమువఱకు నొక రచనగాఁ జదివి, ఇందేమి చెప్పఁబడినది, ఏమి చెప్పఁబడలేదు అని విచారించినవారు తక్కువ. తెలుఁగునాఁట చెఱువులు పూడియు, ఆక్రమింపఁబడియు, తెగియు నున్న యీ కాలమున నట్టి విచారణ కేవలము పండితవినోదము గాదు.

శాసనము చెప్పు తటాకసాధనములు పండ్రెండు. ధర్మపరుఁడును ధనవంతుఁడును కీర్తికాముఁడును అగు రాజు. జలశాస్త్రము నెఱిఁగిన బ్రాహ్మణుఁడు. గట్టి బంకమన్ను గల నేల. మూఁడు యోజనముల దూరమునఁ బుట్టి వచ్చు తియ్యని నీటి యేఱు. దానికి దాపునఁ గొండల కొమ్ములు. ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాక దిట్టమైన రాతికట్ట. ఆ కట్ట కొనలు ఫలభూమికిఁ బెడమొగమై యుండుట. విశాలమై లోఁతైన గర్భము. తిన్నని నిడుపు రాలు దొరకు గని. చెంత సమతలమై పండు పొలములు. కొండనుండి దిగుటచే సుళ్ళు తిరుగు ప్రవాహము. పని యెఱిఁగిన జనసమూహము. వీనివెంట నాఱు దోషములు చెప్పఁబడినవి: కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల యెల్లలో నుండుట, చెఱువు నడుమఁ దాఁబేటివీఁపువలె మిట్ట యుండుట, నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట, నేల స్వల్పమై నీ రధికమగుట. పోరుమామిళ్ళ చెఱువునకు దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసిరనియు, రాతిపనికి నూఱు బండ్లు నడచెననియు శాసనమే చెప్పుచున్నది.

ఈ లక్షణమున నన్నిటికంటె విచారింపఁదగినది మూఁడు యోజనముల మాట. యోజనప్రమాణమును గూర్చి శాస్త్రకారులలో నేకాభిప్రాయము లేదు గావునఁ గోసులలో దీనిని లెక్కించుట వ్యర్థము. గ్రహింపవలసిన దేమనఁగా, శాసనకర్త దృష్టిలోఁ జెఱువు కట్టకడ నారంభమగుట లేదు. ఏఱు పుట్టినచోట నారంభమగుచున్నది. నీరు వచ్చు త్రోవ, అది దిగు కొండ, అది తెచ్చు మన్ను, అది నిలుచు గర్భము, అది పాఱు పొలము, ఇవి యన్నియుఁ గలిసి యొక తటాకము. గర్భమును మాత్రమే చెఱువనుట యిటీవలి వాడుక. ఎగువ నడవి నఱికి, వాఁగులను దున్ని, వరవకాలువలపై నిండ్లు గట్టి, పిదపఁ జెఱువు నిండలేదని వగచుట పండ్రెండు సాధనములలో నొకదానిని మాత్రమే సాధనముగాఁ దలంచుటవలనఁ గలిగిన ఫలము.

మూఁడవ దోషముకడఁ జదువరు లాఁగుదురు. తక్కిన యైదును నేలకును నీటికిని కట్టకును సంబంధించినవి. రాజ్యముల యెల్ల యేల వీనిలోఁ జేరవలెను? యుద్ధభయమే హేతువని చెప్పుట సులభము. కాని శత్రువు గండికొట్టునను భయము కోటకును బైరునకును గలదు. చెఱువునకుఁ బ్రత్యేకముగా దోష మేమనఁగా, కట్ట యొకరి నేలను, ముంపు మఱియొకరి నేలను, ఆయకట్టు వేఱొకరి నేలను ఉన్నచో మరమ్మతు చేయవలసినవాఁ డెవఁడో తేలదు. ఈ యర్థమే సమంజసమని తోఁచుటకుఁ దుంగభద్రమీఁది రాజోలిబండ ఆనకట్ట కథ చాలును. తలకట్టు కర్ణాటకమున నున్నది. కాలువ క్రింది పొలములలో నధికభాగము తెలంగాణములోని గద్వాల సీమలో నున్నది. ఏటి యావలియొడ్డు ఆంధ్రప్రదేశమునందలి కర్నూలు మండలము. ఆనకట్ట యెత్తును గూర్చియు మరమ్మతును గూర్చియు దశాబ్దములు తగవులు నడచినవి. పదునాలుగవ శతాబ్ది శాసనకర్త దీనిని మట్టిదోషముతో సమానముగా లెక్కించుట లోకజ్ఞానమే కాని యప్రస్తుతము గాదు.

ఇంత చెప్పిన లక్షణమున నొక మాట లేదు. పండ్రెండు సాధనములును గట్టుటకు సాధనములు. కట్టినదానిని గాపాడుటకు సాధన మొక్కటియుఁ జెప్పఁబడలేదు. మొదటి సాధనము కీర్తికాముఁడగు రాజు. కీర్తి కట్టినవానికి వచ్చును, పూడిక తీసినవానికి రాదు. కడపటి సాధనమగు జనసమూహము పని ముగిసినతోడనే శాసనమునుండి నిష్క్రమించినది. ఇది యీ శాసనమున కొక్కదానికే చెందిన లోపము గాదు. కావ్యములలో నింతకంటెఁ బెద్దదిగాఁ గానవచ్చును.

సప్తసంతానముల నెఱుఁగని తెలుఁగుపండితుఁడు లేఁడు. సుతుఁడు, తటాకము, కావ్యము, నిధానము, దేవాలయము, వనము, భూదేవస్థాపనము అని యేడింటిని బేర్కొని, తక్కినవి యాఱును గృతిపతికి సిద్ధించియుండఁగాఁ గృతి యొక్కటియే కొఱఁతయని కృతులు వెలయించుట మన ప్రబంధావతారికలలోఁ బరిపాటి. అచ్చటఁ జెఱువు కర్తయొక్క కీర్తిశరీరమునం దొక యవయవము. కథాభాగమునఁ బురవర్ణనకు వచ్చినచోఁ జెఱువు కనఁబడును. అందుఁ దామరలు, తుమ్మెదలు, హంసలు, జక్కవలు, స్నానమాడు యువతులు కనఁబడుదురు. లాక్షణికులు విధించిన యష్టాదశవర్ణనలలో జలక్రీడ యున్నది, జలరక్షణము లేదు. కావునఁ దూము, అలుఁగు, ఒండ్రు, నీరు విడుచు నీరుకట్టువాఁడు వర్ణ్యవస్తువులు గాలేదు. కవులు చూడలేదనుట న్యాయము గాదు. పల్లెలలోఁ బుట్టిపెరిగినవారు చూడకుందురా? చూచినదానికిఁ గావ్యమునఁ జోటు లేకపోయినది. పలనాటి నీటికఱవును గూర్చి శ్రీనాథునిపేర వ్యాపించిన చాటువులు మాత్రము నీటిని లేమిచే వర్ణించినవి. అవి ప్రబంధములలోఁ గాక చాటువులలో నుండుటయే యీ విధిని స్థిరపఱచుచున్నది.

ఆముక్తమాల్యదలోని రాజనీతిని దీనికిఁ బ్రత్యుదాహరణముగాఁ జెప్పువారు గలరు. దేశవైశాల్య మర్థసిద్ధికి మూలమైనను, నేల కొంచెమైనప్పుడు గుంటలు, కాలువలు కల్పించి, పేదరైతునకుఁ బన్నునఁ గనికరము చూపినచో నర్థధర్మములు రెండును వృద్ధియగునని కృష్ణదేవరాయలు చెప్పినమాట సత్యము. నీటిని బన్నుతోను, పన్నును బేదతోను ముడివెట్టుట రాజకవికిఁ దక్క నన్యునకు సాధ్యము గాని దర్శనము. అయినను ఆ పద్యమునఁ గూడఁ జెప్పఁబడినది కల్పించుటయే. ఆ రాజు విజయనగరముచెంతఁ దానే చెఱువు గట్టించుచుండఁగాఁ జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు పేయసు, పదునైదు, ఇరువదివేల జనము చీమలవలెఁ బనిచేయుచుండిరని వ్రాసెను. నూనిజు, ఆ కట్ట పలుమాఱు తెగెనని వ్రాసెను. రాజు పద్యమునకును యాత్రికుల వ్రాఁతకును నడుమ నున్న యెడము గమనింపఁదగినది.

మఱి పాలనము గూర్చి మాట యెచ్చటనున్నది? శాసనముల చివరనున్నది. దానము, పాలనము అను రెంటిలోఁ బాలనమే మేలైనదనియు, దానముచే స్వర్గమును బాలనముచే నచ్యుతపదమును గలుగుననియుఁ జెప్పు శ్లోకము వందలకొలఁది శాసనముల యంతమునఁ గానవచ్చును. పరులిచ్చినదానిని గాపాడుట తా నిచ్చుటకంటె నినుమడి పుణ్యమని చెప్పునదియు నట్టిదే. నివేదికలలో వీనికి దక్కిన స్థానము మిక్కిలి చిన్నది. అలవాటుగా వచ్చు శాపశ్లోకములని యొకమాట వ్రాసి విడుచుట సంప్రదాయమైనది. అందఱును వల్లించుటవలన మాట యర్థహీన మగునా? అది యట్లు వల్లింపఁబడుటకుఁ గారణము, ఆ ధర్మము తఱచుగా నతిక్రమింపఁబడుచుండుటయే కావచ్చును.

ఈ శ్లోకము వట్టి పుణ్యవాక్యము గాదనుటకు దశబంధమే సాక్ష్యము. చెఱువు గట్టినవానికిఁ గాని, చెడినదానిని బాగుచేసినవానికిఁ గాని దానిక్రింద సాగగు నేలలో నొకపాలు మాన్యముగా నిచ్చి, ఆ చెఱువును జెడకుండఁ జూచుభారమును వానిపై నుంచుట దశబంధము. పదియవపాలని పేరు చెప్పుచున్నను ఆ పాలు చోటుచోటునకు మాఱుచుండెను. కన్నడసీమలోఁ గట్టుకొడగె యనునదియు నిట్టిదే. తమిళదేశమున ఉత్తరమేరూరులోఁ బదియవ శతాబ్ది పరాంతకచోళుని శాసనములు, ఏటేట సభ్యుల నెన్నుకొను చెఱువుసంఘమును, ఏరివారియ మను పేరుతోఁ జెప్పుచున్నవి. ఈ కట్టుబాటులలోని మర్మ మొక్కటే: చెఱువు నిండినఁగాని పాలకుని మాన్యము పండదు. పుణ్యమును ఫలమును ఒక్కతూముననే పాఱించిన యేర్పాటిది. ప్రబంధకవి చెప్పని మాటను గ్రామకరణము చెప్పెను.

అయినను బూర్వకాలమును బొగడుటకుఁ బూనినవారు జాగ్రత్తపడవలెను. ఆంగ్లేయుల కాలమునఁ గుడిమరామతు అని పేరువడిన పద్ధతి (తమిళమునందలి ‘కుడి’ యును అరబ్బీనుండి వచ్చిన ‘మరామతు’ను గలిసిన సంకరపద మిది) రైతు లెల్లరును సమముగాఁ జేసిన శ్రమ గాదు. మన్ను మోసినవారిలోఁ దమ కొక్క సెంటు తరినేల లేనివా రెందఱో యుండిరి. పెక్కుచోట్ల నది వెట్టియే. 1858లో మద్రాసు ప్రభుత్వము ఆచారసిద్ధమైన యీ శ్రమను బలవంతముగాఁ జేయించుటకుఁ జట్టము చేయవలసివచ్చుట, అప్పటికే యాచారము సడలినదనుటకు నిదర్శనము. ఆ యేఁటనే యినాము కమిషను పని మొదలిడి మాన్యములను విచారింపసాగెను. పిదప 1955, 1956 సంవత్సరముల చట్టములచేఁ దెలంగాణాంధ్రప్రాంతములలో నినాములు రద్దయ్యెను. భూమి న్యాయముగా దున్నువానికిఁ జేరవలెననుట సరియే. కాని భూమితోఁ గూడ నున్న కర్తవ్యమును ఎవరికిఁ జేర్పవలెనో యాలోచింపఁబడలేదు.

కర్తవ్యము కర్తను గోల్పోయినందువలనఁ గలిగిన చేటు లెక్కకు మీఱినది. 2005 అక్టోబరు 29వ తేదీ వేకువను, నాఁటి నల్లగొండ మండలమున వలిగొండకడ, ఎగువ నొక చిన్నచెఱువు తెగి, ఆ వెల్లువ రైలువంతెనను గొట్టుకొనిపోవఁగా, వచ్చుచున్న రైలు పడి నూర్గురకు మించిన జనము మడిసిరి. తెలుఁగుసీమలోని చెఱువులు గొలుసుకట్టువి. ఎగువదాని యలుఁగునీరు దిగువదానికి వరవ. ఒకటి తెగినచో దిగువవాని బలమునకుఁ బరీక్ష వచ్చును. ఈ గొలుసునందు ‘చిన్న’చెఱువని యుపేక్షింపఁదగినది లేదు. 2020 అక్టోబరు వానలలో భాగ్యనగరమునఁ జెఱువులు పొంగియుఁ దెగియు వీథులు మునిఁగినప్పుడు నదియే ఋజువైనది. అచ్చటఁ జెఱువుగర్భములోనే యిండ్లు వెలసినవి. నాలుగవ దోషమగు నడిమిట్ట ప్రకృతిచే నేర్పడక మనుష్యునిచే నేర్పడినది.

ఇంతకంటె మెల్లగాఁ జంపునది వేఱొకటి గలదు. 1937లో, నాఁటి నెల్లూరు మండలమున, త్రాగునీటియందలి ఫ్లోరైడువలనఁ బండ్లు గారపట్టి, యెముకలు బిగిసి, నడుము వంగు వ్యాధిని వైద్యులు గుర్తించిరి. భారతదేశమున దీనిని గూర్చి వెలువడిన తొలి వార్త యదియే. పిమ్మట నల్లగొండ సీమయు దీనిచేతనే పేరువడినది. నల్లరాతినేలలో నీ రెంతకాలము రాతి నంటియుండునో యంతగా నా దోషము చేరును. వాననీటిచే నిండు చెఱువున నది స్వల్పము. చెఱువులు పూడి, జనము లోఁతుగొట్టపుబావుల నాశ్రయించినకొలఁది, తియ్యని నీటిని విడిచి రాతినీటిని ద్రావుట యయ్యెను. ‘తియ్యని నీటి యేఱు’ అని శాసనకర్త వేసిన విశేషణము శ్లోకపూరణార్థము గాదు.

ఈ చేటునకుఁ బ్రతిక్రియలు జరుగలేదని చెప్పరాదు. 1997లో ఆంధ్రప్రదేశమున రైతులకు నీటినిర్వాహమును అప్పగించు చట్టము పుట్టి, ఆయకట్టు సంఘము లేర్పడెను. ఓటు భూమిగలవారిది, చెఱువుపై బ్రదుకు బెస్తలకును, చాకలివారికిని, మందలు దోలువారికిని అందు నిర్ణయాధికారము లేకపోయెను. ఉత్తరమేరూరు సంఘమునఁ గూడ భూమియు విద్యయు లేనివారికిఁ బ్రవేశము లేదు; వేయేండ్లలో నీ విషయమున జరిగిన మార్పు స్వల్పము. 2001లో సుప్రీముకోర్టు, చెఱువులుకుంటలు సర్వజనుల సొత్తనియు, వానిని బూడ్చి యిండ్లస్థలములుగాఁ బంచుట తగదనియుఁ దీర్పు చెప్పెను. శాసనముల శాపశ్లోకముల స్థానమును నేఁడు తీర్పులు వహించుచున్నవి. వానివలెనే యివియుఁ దఱచుగా నుదాహరింపఁబడుచున్నవి, వానివలెనే యతిక్రమింపఁబడుచున్నవి.

వీనిలో నెక్కువ పెద్దది 2015లో నారంభమైన మిషన్ కాకతీయ. తెలంగాణమున 46 వేలకుఁ బైఁబడిన చెఱువులను బునరుద్ధరింపవలెనని సంకల్పము. పూడికమన్నును రైతులు తమ పొలములకుఁ దోలుకొనుట యందుఁ బ్రశంసింపఁదగిన యంశము. ఒండ్రు చెఱువునకు రోగము, చేనికి మందు; తేమను బట్టియుంచి, సారమును గలిగించును. ఎరువుల వ్యయము తగ్గునను నాశ రైతును బండి గట్టించినది గాని యుపన్యాసములు గావు. ఇందు దశబంధపు పోలిక కొంత గలదు: పాలనమునకు ఫలము తోడైనది. అయితే మన్ను త్రవ్వుటలోను వివేక మావశ్యకము. కట్ట కాలికడ బంకపొరను ద్రవ్వినచోఁ గట్టక్రింద నీరూరును. అది శాసనము చెప్పిన మొదటి దోషమే. తూముమట్టమునకు దిగువఁ ద్రవ్వినచో నిలిచిన నీరు పశువులకును జేఁపలకును ఉపకరించునేమో కాని పొలమునకుఁ బాఱదు.

ఇట్టి కార్యముల లెక్కలు దాతృపక్షమున వ్రాయఁబడుచున్నవి: ఎన్ని చెఱువులు, ఎన్ని బండ్ల మన్ను, ఎన్ని కోట్లు. కీర్తికాముఁడగు ప్రభువే మొదటి సాధనముగా నున్నంతకాల మట్లుండుట సహజము. పాలనపక్షపు లెక్క వేఱు. తూముతలుపునకుఁ జమురు వేయువాఁ డెవఁడు? అలుఁగుపై మొలచిన తుమ్మను గొట్టువాఁ డెవఁడు? వానకాలపు రాత్రి కట్టపైఁ దిరుగువాఁ డెవఁడు, వానికి జీత మెచ్చటనుండి వచ్చును? చేఁపల పాట, నీటితీరువ, మన్ను, కట్టమీఁది చెట్లు, ఇవి చెఱువు పుట్టించు ధనము. దీనిలో నొకపాలు ఆ చెఱువునకే, ఆ గ్రామమువారి చేతిలోనే యుండవలెనను నియమము దశబంధమునకు నేఁటి రూపము కాఁగలదు. మాన్యమునకు భూమి నీయ నక్కఱలేదు. మన్ను మోసినవారి సంతతికి ఆ సంఘమున నోటు నిచ్చినచోఁ బూర్వపద్ధతియందలి యన్యాయమును దీఱును. పదియవపాలు చాలునా, చాలదా యను విషయము చెఱువు చెఱువునకు లెక్కించి తేల్పవలసినది.

ఇచ్చట సాహిత్యపరిశోధకులకుఁ గల పని యొకటి యున్నది. దశబంధశాసనము లనేకములు ప్రకటింపఁబడినవి. కాని రాజుల పేళ్ళకును సంవత్సరములకును సూచికలున్నట్లు చెఱువుల పేళ్ళకును, పాలననియమములకును సూచికలు లేవు. ఏ చెఱువునకు, ఎవనికి, ఎంతపాలు, ఏ పని చేయవలెనని నియమము, ఆ చెఱువు నేఁడు నీటితో నున్నదా, పొలమైనదా, ఇండ్లైనదా యని మండలముల వారీగాఁ బట్టిక వ్రాయవలెను. చివరి శ్లోకములను ‘అలవాటు శ్లోకము’లని విడువక, ఏ శాసనమున నేది యున్నదో పూర్తిగా నచ్చువేయవలెను. పాఠశాలలలో సప్తసంతానముల పద్యము చెప్పు పండితులు తమ యూరి చెఱువుకట్టపై శాసనస్తంభ మున్నదేమో విద్యార్థులచే వెదకింపవచ్చును. పెక్కుచోట్ల నది తూముకడనే, పొదలమాటున, సగము మన్నులోఁ గూరుకొనియుండును.